ఏడో వరుసలో టిక్కు

ఫిబ్రవరి 17, సోమవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలకు నా పేరు ముందున్న టిక్కు తీసేశారు.

నేను ఒక యాడ్-ఇన్‌ను. కంప్యూటర్లో మెయిళ్లు పంపే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దానికి తగిలించే పనిముట్లను యాడ్-ఇన్లు అంటారు. మేము సొంతంగా నడవలేం. ప్రోగ్రాం తెరిచినప్పుడు లేస్తాం, మూసినప్పుడు పడుకుంటాం. జాబితాలో మా పేరు ముందు టిక్కు ఉంటేనే లేస్తాం.

నాకు తెలిసిన పని ఒక్కటే. మెయిలులో ‘జతపరచడమైనది’ అని రాసి, ఫైలు పెట్టకుండా పంపబోతే ఆపుతాను. ‘ఫైలు జత చేయలేదు. అలాగే పంపమంటారా?’ అని అడుగుతాను. అవునంటే వదిలేస్తాను. కాదంటే వాళ్లు ఫైలు పెట్టేదాకా ఆగుతాను.

నన్ను రాసినాయన విజయవాడ మనిషి. ఉద్యోగానికి దరఖాస్తు పంపి, సర్టిఫికెట్లు జతచేయడం మరిచిపోయాడు. ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. రెండు ఆదివారాలు కూర్చుని రెండు వందల నలభై వరుసల్లో నన్ను రాశాడు. ఎవరికి కావాలన్నా తీసుకోమని ఇంటర్నెట్‌లో పెట్టాడు. తయారుచేసిన కంపెనీ పేరు రాయాల్సిన చోట ఏమీ రాయలేదు. ఆయనకు కంపెనీ లేదు.

కోనసీమలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఆఫీసుకు నన్ను తెచ్చింది ఇందుమతి గారు. కామర్స్ లెక్చరర్. ప్రాక్టికల్ మార్కుల జాబితా పంపుతూ రెండుసార్లు జాబితానే మరిచిపోయారు. రెండోసారి మెమో వచ్చింది. ఆ సాయంత్రమే నన్ను ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించారు. అప్పటికి నాకు ఇంగ్లీషు మాటలే తెలుసు. ‘ఇందుతో జతపరచడమైనది’, ‘జత: 1’ అనే మాటలు ఆవిడే నేర్పారు. మరుసటి ఏడాది ఆవిడకు బదిలీ అయింది. వెళ్తూ జూనియర్ అసిస్టెంట్ గుబ్బల సత్యవేణితో చెప్పారు. ‘ఇది అడిగినప్పుడు చిరాకు పడకమ్మా. మన మంచికే అడుగుద్ది.’

మూడేళ్లలో అరవై ఒక్కసారి అడిగాను. యాభై ఎనిమిదిసార్లు ఫైలు నిజంగానే లేదు. మిగతా మూడుసార్లు నాదే పొరపాటు. సీనియర్ అసిస్టెంట్ కడలి వీరభద్రం గారు ఆ మూడింటినే గుర్తుపెట్టుకున్నారు. నేను కనిపించినప్పుడల్లా ‘వచ్చిందండీ అత్తగారు’ అనేవారు.

జాబితాలో నాది ఏడో వరుస. పైన ఆరు ఉన్నాయి. ఒకటి పాత ప్రింటరుతో వచ్చింది. ఆ ప్రింటరు స్టోర్ రూంలో ఉంది. ఒకటి వైరస్‌లను వెతికేది. దాని గడువు ఏడాది కిందటే తీరింది. ఒకటి సెల్‌ఫోనుతో కలిపేది. ఆ ఫోను రిటైరైన ప్రిన్సిపల్‌ గారితో వెళ్లిపోయింది. మరో రెండు ఎందుకొచ్చాయో వాటికే తెలియదు. ఆరోది మెయిలు చుట్టూ పువ్వుల అంచు వేస్తుంది. అందరం ఒకేసారి లేవబోయేవాళ్లం. ప్రోగ్రాం తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. వీరభద్రం గారు దాన్ని నొక్కి టీకి వెళ్లి వచ్చేవారు.

ఫిబ్రవరి 17న కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్‌ను పిలిపించారు. మస్తాన్ జాబితా తెరిచాడు.

“అయ్య బాబోయ్, ఇన్ని తగిలించుకున్నారేంటి సార్? తీర్థానికెళ్లే బస్సులాగుంది.”

“మేం తగిలించలేదయ్యా. అయ్యే ఎక్కాయి.”

“ఏది ఉంచమంటారో చెప్పండి.”

“మాకు కావాల్సింది మెయిలు ఎళ్లడం. మిగతాయన్నీ పీకెయ్.”

మస్తాన్ పైనుంచి టిక్కులు తీస్తూ వచ్చాడు. ఆరో వరుస దగ్గర వీరభద్రం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

“ఆ పువ్వులు ఉంచవయ్యా. ప్రిన్సిపల్‌ గారికి ఇష్టం.”

ఏడో వరుస దగ్గర మస్తాన్ ఆగాడు. అక్కడ నా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన ఒక అంకెతో ఉంటుంది. కంపెనీ పేరు చోట ఖాళీ.

“ఇదేంటో తెలీదు సార్. ఎవరు చేశారో కూడా లేదు. ఊరూ పేరూ లేని ఇలాంటివాటితోనే భయం.”

“తీసెయ్.”

సత్యవేణి రిజిస్టరు రాస్తూ తలెత్తింది. “ఇందుమతి మేడం పెట్టింది ఉండాలండి, అందులో. అది తీయకండి.”

“అది పువ్వులది కదమ్మా. ఉంచేశాం,” అన్నారు వీరభద్రం గారు.

ఉంచేశారన్న మాట విని సత్యవేణి మళ్లీ రిజిస్టరులో పడింది. ప్రోగ్రాం పదకొండు సెకన్లలో తెరుచుకుంది. మస్తాన్‌కు టీ తెప్పించారు.

టిక్కు తీస్తే మేము చెరిగిపోం. డిస్కులో ఉన్నచోటే ఉంటాం. వచ్చే మెయిలు, పోయే మెయిలు పక్కనుంచే వెళ్తాయి. అన్నీ కనబడతాయి, వినబడతాయి. అడగడానికి మాత్రం లేదు.

మోకా సుహాసిని ఆ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతోంది. పుట్టుకతోనే చూపు తక్కువ. పెద్ద అక్షరాలను కాగితం కంటికి ఆనించుకుని చదవగలదు. అలా మూడు గంటల పరీక్ష రాయలేదు. ఆమె చెబుతుంటే రాయడానికి ఒక సహాయకురాలిని ఇస్తారు. దానికి పరీక్షల ప్రాంతీయ కార్యాలయం అనుమతి కావాలి. మెడికల్ బోర్డు సర్టిఫికెట్ జతచేసి కాలేజీ రాయాలి. గడువు ఫిబ్రవరి 27 సాయంత్రం 5. మొదటి పరీక్ష మార్చి 1 ఉదయం 9కి. తెలుగు.

సుహాసిని తల్లి రత్నం సర్టిఫికెట్ కోసం కాకినాడకు మూడుసార్లు తిరిగింది. 27న మధ్యాహ్నం తెచ్చి ఇచ్చింది. సత్యవేణి స్కాన్ చేసింది. ఆ ఫైలు కంప్యూటర్ తెర మీదే ఉంది. దానికి పెట్టిన పేరు, మోకా సుహాసిని.

ఈ ఆఫీసులో మెయిలు పంపడానికి ఒక పద్ధతి ఉంది. కాగితాల కాలం నుంచి వచ్చింది. వీరభద్రం గారు ముందు ఉత్తరాన్ని మెయిలులోనే టైపు చేస్తారు. పంపకుండా ప్రింటు తీస్తారు. ఆ ప్రింటు మీద ప్రిన్సిపల్‌ గారు సంతకం చేస్తారు. సత్యవేణి ముద్ర వేసి, డిస్పాచ్ రిజిస్టరులో నంబరు, టైము రాస్తుంది. ఉత్తరం చివర ‘జత: 1’ అని ఉంటే రిజిస్టరులో ‘జతతో పంపడమైనది’ అని రాస్తుంది. ఇదంతా అయ్యాక వీరభద్రం గారు పంపే బటన్ నొక్కుతారు. బటన్ నొక్కేముందు ఫైలు పెట్టాలి. ఆ పని ఎవరిదో రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

27న సాయంత్రం 4 గంటల 12 నిమిషాలకు వీరభద్రం గారు బటన్ నొక్కారు. ‘మెడికల్ బోర్డు ధ్రువపత్రం ఇందుతో జతపరచడమైనది. జత: 1.’ చుట్టూ పువ్వుల అంచు ఉంది. ఫైలు లేదు.

మెయిలు వెళ్లడానికి రెండు సెకన్లు పట్టింది.

“చూశావా సత్యవేణీ, ఎంత స్పీడో!” అన్నారాయన.

4 గంటల 41 నిమిషాలకు ప్రాంతీయ కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. ‘ధ్రువపత్రం అందలేదు. 5 గంటలలోపు పంపగలరు.’ అప్పటికి వీరభద్రం గారు, సత్యవేణి పరీక్ష హాళ్లలో బెంచీల మీద నంబర్లు అంటిస్తున్నారు. ఆ జవాబు పందొమ్మిది నిమిషాలు గడువులో ఉంది. తరువాత గడువు దాటింది.

28న ఉదయం 11 గంటలకు రత్నం, సుహాసిని ఆఫీసుకు వచ్చారు. కంప్యూటర్ ఆన్‌లో ఉంది. ప్రోగ్రాం తెరిచి ఉంది. జవాబు మెయిలు పైనుంచి నాలుగోది.

“మా పిల్ల కాగితం ఎల్లిందాండీ బాబుగారూ?”

“నిన్ననే ఎల్లిపోయిందమ్మా.”

“ఆళ్లేమన్నా అన్నారాండీ?”

వీరభద్రం గారు రిజిస్టరు తీసి బల్ల మీద తిప్పి పెట్టారు. “ఇదిగో. నంబరు 218. టైము నాలుగూ పన్నెండు. జతతో పంపడమైనది. ముద్ర కూడా ఉంది. ఇంకేం కావాలి?”

“ఆయ్, చాలండీ. మాకేం తెలుద్దండీ.”

సుహాసిని రిజిస్టరు మీదికి వంగి, ఆ వరుసకు కన్ను ఆనించి చదివింది.

“ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటారా సార్?” అంది.

“పరీక్షల టైములో ఆళ్లు ఫోన్లు ఎత్తరమ్మా. రిజిస్టరులో ఎక్కాక ఇంక భయం దేనికి? ఎల్లి చదువుకో.”

వాళ్లు వెళ్లారు. వీరభద్రం గారు జవాబు పత్రాల కట్టలు లెక్కపెట్టడానికి వెళ్లారు. ఆ తరువాత ఇంకో ఇరవై రెండు మెయిళ్లు వచ్చాయి. నాలుగో వరుసలో ఉన్నది సాయంత్రానికి ఇరవై ఆరో వరుసకు దిగింది. దిగడం చూస్తూ ఉన్నాను.

మార్చి 1న ఉదయం 8 గంటల 38 నిమిషాలకు సత్యవేణి పరుగున వచ్చి ప్రోగ్రాం తెరిచింది. అనుమతి పత్రం లేకుండా సహాయకురాలిని హాల్లోకి పంపనని పరీక్షల అధికారి చెప్పారట. సత్యవేణి కిందికి జరుపుతూ వెళ్లి ఆ జవాబు దగ్గర ఆగింది. తరువాత 27న పంపిన మెయిలు తెరిచింది.

“వీరభద్రం గారూ! ఫైలు ఎల్లలేదండీ!”

ఆయన వచ్చి నిలబడ్డారు. “జత అని ఉంది కదా?”

“రాశాం అండీ. పెట్టలేదు.”

ఆయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. “అదేంటి... ఇదివరకు పెట్టకపోతే అడిగేది కదా? ఎందుకు అడగలేదూ?”

సత్యవేణి కొత్త మెయిలు తెరిచి, ముందు ఫైలు పెట్టి, తరువాత రెండు వాక్యాలు టైపు చేసింది. ప్రింటు తీయలేదు. 8 గంటల 44 నిమిషాలకు పంపింది. ప్రాంతీయ కార్యాలయానికి ఆరుసార్లు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. 9 గంటలకు బెల్లు మోగింది.

పరీక్ష హాలు నాకు కనిపించదు. అక్కడ జరిగింది మెయిళ్ల ద్వారా తెలిసినంతే చెబుతున్నాను.

11 గంటల 52 నిమిషాలకు అనుమతి వచ్చింది. ‘రెండో పరీక్ష నుంచి వర్తిస్తుంది’ అని ఉంది.

12 గంటల 35 నిమిషాలకు కాలేజీ నుంచి ఆ రోజు నివేదిక వెళ్లింది. చుట్టూ పువ్వుల అంచు ఉంది. ఈసారి ఫైలు ఉంది. అందులో ఇన్విజిలేటర్ రాసిన వివరణ: ‘అభ్యర్థిని మోకా సుహాసిని 9 గంటలకు హాల్లోకి వచ్చారు. ముందుగా వెళ్లిపోవచ్చని చెప్పినా 12 గంటల వరకు కూర్చున్నారు. సహాయకురాలు లేరు. జవాబు పత్రం పేజీలు 24. రాసిన పేజీలు 2.’