కొట్టేసిన మూడో అర్థం

చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా, స్కేలు జరుపుకుంటూ, అతను గ్రీకు నిఘంటువు ప్రూఫు దిద్దుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా అతని పద్ధతి అదే. తిరగేసి చదివితే అర్థం తలకెక్కదు, తప్పు మాత్రమే కంటబడుతుంది. ప్రెస్సులో అతని పేరు భూతద్దం.

నిన్న మాత్రం బుద్ధి గడ్డి తిని వరసగా చదివాడు. 'అకంథ: స్త్రీలింగం, ఎక్కువగా బహువచనంలో వాడతారు. ఒకటి, ముల్లు. రెండు, ముళ్ళ మొక్క. మూడు, చేపకో పాముకో ఉండే వెన్నెముక.' ముళ్ళ మధ్య వెన్నెముకేమిటి? కంపోజిటరు వేరే మాట తాలూకు పంక్తి తెచ్చి ఇక్కడ అతికించాడనుకుని, ఎవరినీ అడక్కుండా మూడో అర్థం కొట్టేశాడు. సొంత తెలివితో ఒక పంక్తి తీసెయ్యడం ఉద్యోగంలో అదే మొదలు. పొద్దుట్నుంచీ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

"ఏం భూతద్దంగారూ, కుర్చీలో ముళ్ళున్నాయా?" అన్నాడు ఫోర్‌మన్. "ఆ అకంథ ఉన్న పేజీల ఫారం పన్నెండింటికి మిషనెక్కించేస్తున్నా."

రాసినాయన్నే అడిగి తేల్చుకుందామని లేచాడు. నిఘంటువు రాసిన మాస్టారి ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన మంచం పట్టి నెలయింది. కూతురు తలుపు తీసింది.

"ఇవాళో రేపో అన్నాడు డాక్టరు. ఎక్కువ మాట్లాడించకండి అన్నయ్యా."

దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. అతను వంగి, వినికిడి మిషను ఉన్న చెవి దగ్గర, చేసిన పని గట్టిగా చెప్పాడు. తిట్లు పడతాయని కళ్ళు మూసుకున్నాడు.

"మూడోది ఉండాలోయ్," అన్నారు మాస్టారు, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ. "వెన్నుపూసల్లోనూ గ్రీకులకి ముళ్ళే కనపడ్డాయి. అయితే ఇన్నేళ్ళకి... అర్థం చూశావన్నమాట!" నవ్వబోతే దగ్గు వచ్చింది. అతని మణికట్టు పట్టుకున్నారు. "కాసేపు కూర్చో."

పావు తక్కువ పన్నెండయింది. మిషన్లు తిరుగుతుంటే ప్రెస్సులో ఫోను ఎవరికీ వినపడదు. మణికట్టు మీది వేళ్ళకి బరువే లేదు; అయినా విడిపించుకోవడానికి రెండో చెయ్యి కావలసి వచ్చింది.

"ఇప్పుడే వచ్చేస్తాను మాస్టారూ."

పరుగెత్తాడు. గుమ్మంలో మెట్టు తప్పి మోకాలు చీరుకుంది. ఫోర్‌మన్ అప్పటికే మీట మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"ఆపు! తప్పు నాది!"

ఆ మాట అతని నోట ఎవరూ విని ఎరగరు. కంపోజిటరు గొణుక్కుంటూ పంక్తి మళ్ళీ కూర్చాడు. అతను దాన్ని తిరగేసి ఒకసారి, వరసగా ఒకసారి చదివి సంతకం పెట్టాడు.

తిరిగి వెళ్ళేసరికి ఒంటిగంట. మాస్టారి ముఖం మీదికి కూతురు దుప్పటి లాగుతోంది.

"మీరొస్తారని వినికిడి మిషను తియ్యనివ్వలేదన్నయ్యా," అంది. "ఇందాకే తీశాను."

తలగడ మీద ఆ చిన్న మిషను ఇంకా సన్నగా కూస్తూనే ఉంది.