మల్లేశం సాంచా కుంటినడక

నీలం నగర్‌లో మల్లేశం టవళ్లు నేసే కరెంటు మగ్గానికి, అదే సాంచాకు, కుంటినడక ఉండేది. మూడు దెబ్బలు తిన్నగా కొట్టి, నాలుగోదానికి ఒక్క క్షణం తడబడేది. మూడేళ్ల కిందట క్లెమాన్స్ అనే ఫ్రెంచి పిల్ల వచ్చి ఆ చప్పుడును అరగంట సేపు రికార్డు చేసుకుని పోయింది. తన పాటలు తానే రాసి పాడుకునే మనిషి. ఆమె తొలి ఆల్బమ్‌లో మొదటి పాటకు తాళం ఆ సాంచాదే.

"ఇప్పుడు అక్కడి పోరగాళ్లందరు గదే కుంటితాళం మీద పాటలు కడుతున్నరంట నాయినా," అంది కూతురు ప్రణాలి, ఫోన్ చూస్తూ. "రెండో ఆల్బమ్‌కు మళ్లా నీ సాంచానే కావాల్నంట. శనివారం వస్తున్నది. ఆల్బమ్ మీద నీ పేరు గూడ ఏస్తదంట."

మల్లేశం ఛాతీ ఉప్పొంగింది. వెంటనే సిగ్గూ వేసింది. పేరు అచ్చులో పడబోయే మనిషి సాంచా కుంటడమేమిటి? అంత దూరం నుంచి వచ్చేవాళ్లకు చెడిపోయిన మిషను చూపిస్తామా? గడపలో బీడీలు చుడుతున్న భార్య గోదావరి "దాని జోలికి పోకు" అంటున్నా వినలేదు. రెండు రోజులు నూనెలో మునిగితేలి, అరిగిన భాగాలన్నీ మార్చి, పాతవి తుక్కువాడికి ఇచ్చేశాడు.

శనివారం క్లెమాన్స్ మైకు పెట్టింది. గల్లీలో మిగతా సాంచాలు ఎలా కొడతాయో మల్లేశం సాంచా కూడా అచ్చం అలాగే కొట్టింది. ఆమె మొహం వాడిపోయింది.

"నాయినా, 'నా సాంచా ఏది' అని అడుగుతున్నది," అంది ప్రణాలి.

"ఇదే గదా! బిల్కుల్ కొత్తగ చేసిన అని చెప్పు."

ప్రణాలి చెప్పింది. క్లెమాన్స్ తల పట్టుకుంది. మల్లేశం కంగారుగా బోల్టులు వదులు చేశాడు, బెల్టు జార్చాడు. సాంచా ఆగిపోయిందే తప్ప కుంటలేదు. నలభై ఏళ్లు తప్పులు సరిచేసిన చేతులకు ఒక్క తప్పు చేయడం చేతకాలేదు. ఆల్బమ్ మీది పేరు కళ్లముందే చెరిగిపోతుంటే ఏడుపొచ్చినంత పనైంది.

అన్నం వేళయింది. గల్లీలో సాంచాలన్నీ ఒక్కొక్కటిగా ఆగాయి. అప్పుడు వినిపించింది గడపలో గోదావరి కత్తెర. తునికాకు కత్తిరిస్తోంది. మూడు కోతలు తిన్నగా, నాలుగోదానికి ఒక్క క్షణం తడబాటు. ఇరవై ఏళ్లు ఆ సాంచా పక్కనే కూర్చున్న చేతులు మరి.

క్లెమాన్స్ మైకు పట్టుకుని గడపకు పరుగెత్తింది. మల్లేశం సాంచా నడక ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉంది. ఆ సంతోషంలో ఏం చేయాలో తోచక, అలవాటుగా సాంచా స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ముట్టకు! గప్‌చుప్ కూసో," గోదావరి కత్తెర ఆపకుండానే కసిరింది. "ఇక్కడ రికార్డింగ్ నడుస్తున్నది. పేరడిగితే నాదే చెప్పు, ప్రణాలీ. మీ నాయినది కింద చిన్నగ ఏయమను."