ఎదుటివారి వకాల్తా

మా ఆఫీసులో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. ఇద్దరికి పేచీ వస్తే ఎవరి వాదన వాళ్ళు చెప్పుకోకూడదు. నా మాట నువ్వు చెప్పాలి, నీ మాట నేను చెప్పాలి. అవతలివాళ్ళు "అవును, నా మాట ఇదే" అనేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పాలి. అది అయ్యాక ఇక ఎవరూ నోరు విప్పకూడదు. కంపెనీ యజమాని, మా పెద్దాయన, తీర్పు చెబుతాడు. కంపెనీ పెట్టినప్పటి నుంచీ ఆయన పద్ధతి ఇదే. దీనివల్ల అరుపులు తగ్గుతాయంటాడు. తగ్గాయి కూడా. కడుపులో మంట మాత్రం ఎవరిది వాళ్ళకే మిగిలింది.

మేం గేమ్ కన్సోల్ తయారు చేస్తాం. టీవీ కింద పెట్టుకునే నల్లటి పెట్టె, దానికో కంట్రోలర్, ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా నడవని ఆటలు. పెట్టె, కంట్రోలర్ నా గదిలో తయారవుతాయి. ఆటలు పై అంతస్తులో మా మరిది మనుషులు చేస్తారు. ఈసారి పేచీ మా ఇద్దరికే. ఆటల్ని ఫోన్లకీ, ఇతర కంపెనీల టీవీలకీ కూడా ఇచ్చేద్దామంటాడు వాడు. ఇచ్చేస్తే ఇక పెట్టె కొనే వెర్రివాడెవడు? కొత్త పెట్టె ఆగిపోతుంది, నా గదికి తాళం పడుతుంది. ఆ సంగతి వాడికి తెలియదా? ఆదివారం మా ఇంట్లో కడుపునిండా తిని, సోమవారం నా పొయ్యి ఆర్పడానికి తయారయ్యాడు.

మీటింగు గదిలో కిటికీలు తెరవడానికి రావు. బయట ముసురు పట్టింది. ముందు నా వంతు. అంటే ఫోన్ల తరఫున.

"పెట్టెలు కొనేవాళ్ళు ఏటికేడు తగ్గుతున్నారండీ," అన్నాను. "ఆడేవాళ్ళు తగ్గలేదు, టీవీ ముందు కూర్చునే తీరిక తగ్గింది. ఏళ్ళ తరబడి కష్టపడి చేసిన ఆటని ఒక్క పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఎలా?"

మరిది తల అడ్డంగా ఊపాడు. "అంతే కాదు వదినా. ఇంకా ఉంది."

ఒళ్ళు మండింది. ఇంకేముంది నీ మొహం, అందామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరు.

"మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మన ఆట సగంలో ఉందండీ ఆయనకి. కొండ మీది కోట దాకా వచ్చి ఆగాడు. పెట్టె తెస్తానంటే వార్డులో పెట్టనివ్వలేదు. ఫోన్లో ఎవరిదో పళ్ళు కోసే ఆట ఆడుకునేవాడు. 'మీ ఆట ఇందులో రాదా?' అని అడిగాడొకసారి. రాదన్నాను. ఎందుకు రాదంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆట ఇంట్లో ఉండిపోయింది, ఆయన ఆ మంచం మీది నుంచి ఇంటికి తిరిగి రాలేదు. అలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో. ఆటే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి గానీ వాళ్ళు ఆట దగ్గరికి రాలేరు."

మరిది కళ్ళు తుడుచుకున్నాడు. ఎంతైనా తోడబుట్టినవాడు. "అవును, నా మాట అదే," అన్నాడు.

తరువాత వాడు పెట్టె తరఫున మాట్లాడాడు. పెట్టె ఉంటే సొంతిల్లు ఉన్నట్టు, ఫోన్లలోకి వెళ్తే ఒకడి ఇంట్లో అద్దెకున్నట్టు, వాడు పొమ్మంటే పోవాలన్నాడు. కంట్రోలర్ పట్టుకున్న చేతికి తెలిసే ఆట గాజు మీద వేలు రాస్తే తెలియదన్నాడు. నా గదిలో వాళ్ళకి వయసు మీరిందనీ, ఈ పని తప్ప ఇంకోటి రాదనీ అన్నాడు. అన్నీ నిజాలే. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు, ఎవరి కళ్ళూ తడవలేదు. కాదు, మళ్ళీ చెప్పు అనే హక్కు నాకుంది. కానీ ఏది వదిలేశాడని అనాలి?

"అవును, అదే," అన్నాను.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కొత్త పెట్టె వద్దు," అన్నాడు. "ఆటలు అందరికీ ఇద్దాం. ఈ పొద్దుటిదాకా నేను నీ వైపే ఉన్నానమ్మా. నీ మాట విన్నాకే మనసు మారింది."

ఇక నోరు విప్పకూడదు. విప్పలేదు.

మెట్ల దగ్గర మరిది వెంటపడ్డాడు. "వదినా, నేనైతే అంత బాగా చెప్పగలిగేవాణ్ణి కాదు."

"పుండు మీద కారం చల్లకు. పో," అన్నాను.

కింద నా గదిలో అందరూ పని ఆపి నిలబడి ఉన్నారు. నా మొహం చూడగానే విషయం అర్థమైపోయింది. బటన్లు బిగించే ఆవిడని అందరం పిన్ని అంటాం. ఒక్కో బటనూ చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, చప్పుడు నచ్చితేనే పక్కన పెడుతుంది. చేతిలో కంట్రోలర్ అలాగే పట్టుకుని అడిగింది.

"మన తరఫున ఎవరు మాట్లాడారమ్మా?"

"మా మరిది."

"మరి వాళ్ళ తరఫున?"

"నేను."

ఈ ఆఫీసు ఆచారం ఆవిడకి తెలియనిది కాదు. కంట్రోలర్ బల్ల మీద పెట్టింది. తిడుతుందేమో, తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"బాగానే మాట్లాడి ఉంటావులే," అంది పిన్ని. "ఏ పనీ సగం సగం చేసేదానివి కాదు నువ్వు."