ఉగ్గుగిన్నెలో జ్ఞానస్నానం

మా విచారణకి, అంటే మా పేట గుడికి, కొత్త ఫాదర్ గారు వచ్చేవరకూ జ్ఞానస్నానం అంటే పది నిమిషాల పని. ఆదివారం పూజ అయ్యాక పిల్లల్ని ఎత్తుకుని వరసగా నిలబడటం, ఫాదర్ గారు నీళ్ళు పోయడం, పిల్లలు గుక్కపట్టి ఏడవడం, ఫోటో దిగి ఇంటికి పోవడం. అందులో నాకు ఏ లోటూ కనిపించేది కాదు. నేను బట్టలు కుట్టేదాన్ని. ముప్పై ఏళ్ళుగా ఈ గుడిలో జ్ఞానస్నానం పొందిన పిల్లల తెల్లంగీల్లో సగం నా మిషను మీద కుట్టినవే. తల దూరేంత మెడ, చెయ్యి ఆడేంత చంక ఉంటే చాలు, తక్కినదంతా దేవుడు చూసుకుంటాడని నా నమ్మకం.

కొత్త ఫాదర్ గారి నమ్మకం వేరు. "ఇది క్యూలో నిలబడి టికెట్టు తీసుకోవడం కాదమ్మా. ప్రతి కుటుంబమూ కూర్చుని ఆలోచించుకోవాలి. రేపు పిల్లాడు పెద్దయ్యి, నా జ్ఞానస్నానం ఎలా జరిగిందని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఓ కథ ఉండాలి," అన్నారు.

కథలే కావాలంటే మా ఇంట్లో కొదవా! కానీ ఆ మాట పైకి అనలేదు. ఎందుకనలేదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదటి వంతు మా మనవడిదే. వాడికప్పటికి ఆరు నెలలు. గుడి వెనక గదిలో వరసగా నాలుగు శనివారాలు మీటింగు పెట్టారు. మా అబ్బాయి ఆఫీసు పేరు చెప్పి తప్పించుకున్నాడు. పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని కోడలు, నీళ్ళు పోసేటప్పుడు బిడ్డని ఎత్తుకునే జ్ఞానతల్లిగా నిలబడబోతున్న మా వియ్యపురాలు, నేను, మా అన్నయ్య వెళ్ళాం. మా అన్నయ్యని గుడిలో అందరూ మైకు అంటారు. ప్రకటనలు చదివేది ఆయనే. చేతిలో మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడతాడు.

ఫాదర్ గారు బోర్డు మీద 'నీళ్ళు, వెలుగు, బట్ట' అని మూడు మాటలు రాశారు. "ఈ మూడూ మీ ఇంట్లోంచే ఎలా రావాలో చెప్పండి," అన్నారు.

మా అన్నయ్య లేచాడు. "నీళ్ళు పోసే క్షణానికి పైనుంచి పూలు రాలాలి ఫాదర్ గారూ. నాలుగు పక్కలనుంచీ బెలూన్లు లేవాలి. నేను మైకులో, అదిగో చెయ్యెత్తారు, అదిగో పోస్తున్నారు, అని చెబుతుంటాను."

"ఇదేం ఆటల పోటీ కాదు కదండీ," అన్నారు ఫాదర్ గారు మెల్లగా.

మా వియ్యపురాలు అందుకుంది. "అంగీకి మాత్రం అంచంతా ముత్యాలు కుట్టాలి వదినగారూ. మా పిల్లలకి అలాగే కుట్టించాం."

"కుడతాను వదినగారూ, దానికేం భాగ్యం. వాడు మింగితే మటుకు వెతికి తీసే పని మీది," అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుంది. నాకు ప్రాణం హాయిగా ఉంది.

ఎలాగో ఓ దారికొచ్చాం. చుట్టాలందరూ ఎవరింటి కుళాయి నీళ్ళు వాళ్ళు సీసాలో తెచ్చి గుడిలోని జ్ఞానస్నానం తొట్టిలో కలపాలి. అందరి ఇళ్ళలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి ఒక్క కొవ్వొత్తి పోయాలి. కోడలి పెళ్ళిగౌను కుచ్చిళ్ళలోంచి కొంత బట్ట తీసి నేను అంగీ కుట్టాలి. నాకే ముచ్చటేసింది. ఈ కుర్ర ఫాదర్ పరవాలేదే అనుకున్నాను.

అప్పుడాయన కోడలి వైపు తిరిగారు. "నువ్వేం చెప్పలేదేమ్మా? నీకేం కావాలి?"

మా కోడలు మితభాషి. పిల్లాడి కాలివేళ్ళు సవరిస్తూ అంది: "నీళ్ళు పోసేటప్పుడు వీడు నా చేతుల్లో ఉండాలి ఫాదర్. జ్ఞానతల్లి చేతుల్లో కాదు, ఇంకెవరి చేతుల్లోనూ కాదు. నా చేతుల్లోనే. ఇంకేం వద్దు."

"ఓ, తప్పకుండా," అన్నారాయన.

"వీడు పుట్టాక పందొమ్మిది రోజులు నేను ముట్టుకోలేదు. అందరూ చూశారు, అందరూ ముట్టుకున్నారు, నేను తప్ప. వీడి విషయంలో మొదటిసారి ఏం జరిగినా నేను లేను. ఈ ఒక్కదానికైనా నేను ఉండాలి."

నేను చటుక్కున చూపు బోర్డు మీదికి తిప్పాను. ఎందుకంటే ఆ మొదటిసారి కూడా ఆరు నెలల కిందటే అయిపోయింది. చేసింది నేను.

ఏం జరిగిందంటే, వాడు రెండు నెలలు ముందే పుట్టాడు. కాన్పు కష్టమై కోడలు పై అంతస్తు వార్డులో తెలివి ఉండీ లేకుండా పడి ఉంది. పిల్లాడు కింద అద్దాల పెట్టెలో ఉన్నాడు. మూడో రోజు పొద్దున డాక్టరు మా అబ్బాయిని పక్కకి పిలిచి ఏదో చెప్పాడు. వాడి మొహం చూస్తే ఇంకేం అడగక్కర్లేదు. నన్ను ఐదు నిమిషాలు లోపలికి పోనిచ్చారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వచ్చని చిన్నప్పుడు గుడిలో ఉపదేశం క్లాసులో నేర్పారు. నా సంచిలో ఉగ్గుగిన్నె ఉంది, కుళాయి పక్కనే ఉంది. నర్సు అటు తిరగ్గానే పెట్టె పక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి వాడి తల మీద మూడు ధారలు పోశాను. ఆ మర్నాటినుంచి వాడు కోలుకున్నాడు. బతికించింది ఆ నీళ్ళే అని నా గట్టి నమ్మకం. ఎవరికీ చెప్పలేదు గానీ, ఆరు నెలలుగా లోలోపల ఎంత మురిసిపోతున్నానో ఆ దేవుడికే తెలుసు.

సరిగ్గా అప్పుడే ఫాదర్ గారు ఫారం తీసి చదివారు. "ఇంట్లో గానీ ఆస్పత్రిలో గానీ బిడ్డకి ఎవరైనా ఇదివరకే జ్ఞానస్నానం ఇచ్చారా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను పైట సర్దుకున్నాను. "ఇచ్చి ఉంటే ఏమవుతుంది ఫాదర్ గారూ? ఊరికే, తెలుసుకుందామని," అన్నాను.

"జ్ఞానస్నానం ఒక్కసారే అమ్మా. ఇచ్చేసి ఉంటే మళ్ళీ నీళ్ళు పోయకూడదు. తైలం, తెల్లంగీ, కొవ్వొత్తి అన్నీ ఉంటాయి. నీళ్ళు మాత్రం ఉండవు."

"అదేం లేదు లెండి," అంది కోడలు నా తరఫున కూడా. ఆయన 'లేదు' అని రాసుకున్నారు.

ఆ వారమంతా నా బతుకు నరకమైంది. కోడలు రోజూ మధ్యాహ్నం పెరట్లో టబ్బు ముందు నిలబడి పిల్లాణ్ణి ఎలా వంచాలో సాధన చేసేది. "అత్తయ్యా, తల ఎడమ చేతి మీద ఉంటే బాగుంటుందా, కుడి చేతి మీదా?" అని నన్నే అడిగేది. నేను మిషను మీంచి తలెత్తకుండా "ఏ చెయ్యైనా ఒకటేలే అమ్మాయ్" అనేదాన్ని. చెబితే ఆ పిల్ల గుండె పగులుతుంది. చెప్పకపోతే ఫాదర్ గారి చేత తెలిసి తెలిసి తప్పు చేయించినదాన్నవుతాను. ఆ కంగారులో అంగీకి మెడ కత్తిరించడం మరిచిపోయి రెండు భుజాలూ కలిపి కుట్టేశాను. ముప్పై ఏళ్ళ అనుభవం గంగలో కలిసింది.

రెండో శనివారం అందరికంటే ముందే వెళ్ళి ఫాదర్ గారి ఎదురుగా కూర్చున్నాను. "ఫాదర్ గారూ, నాకు తెలిసిన ఒకావిడ ఉందండీ. ఆవిడ తన మనవడికి ఆస్పత్రిలో..."

"ఆవిడ బట్టలు కుడుతుందా?" అన్నారాయన.

చిన్నవాడనుకుంటాం గానీ, మహా గడుసువాడు. నేను నోరు తెరిచేలోగా గుమ్మంలో చప్పుడైంది. కోడలు, వెనకాలే వియ్యపురాలు, మా అన్నయ్య. కోడలు అంతా వినేసింది. పిల్లాణ్ణి గుండెలకి అదుముకుని, "మీరు పోసేశారా అత్తయ్యా?" అంది.

"పోశానమ్మా."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే? రోజూ టబ్బు దగ్గర నన్ను చూస్తూ కూడా చెప్పలేదే?" కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ఏడిస్తే నేనేం చెయ్యను? నామీద నాకే అసహ్యమేసింది.

"ఔరా! వదినగారు చేతులకి కాస్త పని తగ్గించుకోవాల్సింది," అంది వియ్యపురాలు.

ఫాదర్ గారు అందరినీ కూర్చోబెట్టారు. "అమ్మా, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. నీళ్ళు తల మీద పారాయా?"

"మూడు ధారలు. చక్కగా పారాయి." ఆ పరిస్థితిలోనూ కాస్త గర్వంగానే చెప్పాను.

"ఏమన్నారు? ఆ మాటలే చెప్పండి."

కుట్టడానికి తెచ్చిన తెల్లబట్టని చుట్టచుట్టి పిల్లాడల్లే పట్టుకుని చెప్పాను. "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానము..." అక్కడ ఆగాను.

"ఊఁ, ఆ తర్వాత?"

"ఆ తర్వాత నర్సు ఇటు తిరిగిందండీ."

"తిరిగి?"

"గిన్నె చూసింది. నెలలు నిండని పిల్లలకి నీళ్ళు పట్టకూడదట కదా. 'ఏమ్మా, బాబుకి నీళ్ళు ఇచ్చారా?' అని గట్టిగా అరిచింది."

"మీరేమన్నారు?"

"భయమేసి, 'ఇవ్వలేదు' అన్నాను."

ఫాదర్ గారు ముందుకి వంగారు. "మధ్యలో 'ఇచ్చుచున్నాను' అన్నారా, లేదా? బాగా గుర్తు తెచ్చుకోండి. ఆ ఒక్క మాట మీదే ఉంది అంతా."

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు అబద్ధమాడాలనిపించింది. 'మనసులో అనుకున్నాను' అన్నా చాలు, కాదనేవాళ్ళు లేరు. అనలేదని ఒప్పుకుంటే నేను చేసింది జ్ఞానస్నానమే కాదు. నా మనవణ్ణి నేను బతికించుకున్నానన్న ఆ మురిపెమంతా ఆవిరైపోతుంది. కోడలి వంక చూశాను. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి నా నోటి వంకే చూస్తోంది.

"అనలేదు ఫాదర్ గారూ. నర్సు నన్ను బయటికి తరిమేసింది. ఆ మాట అనలేదు. నోట్లోనూ అనలేదు, మనసులోనూ అనలేదు," అన్నాను.

మా అన్నయ్య వేళ్ళ మీద లెక్కపెట్టి, మైకు గొంతుతో ప్రకటించాడు. "అంటే మా చెల్లాయి ఆ పసివాడితో అన్నది: పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానము... ఇవ్వలేదు!"

ఫాదర్ గారు జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం దాచుకోలేకపోయారు. వియ్యపురాలు కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా కోడలు. ఆ పిల్లకి అంత గొంతుందని అప్పుడే తెలిసింది. ఒళ్ళో పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు.

నవ్వు తగ్గాక ఫాదర్ గారు ఫారం తీసి, 'లేదు' అన్నచోట కింద గీత గీశారు. "అది జ్ఞానస్నానం కాదమ్మా. తల తడపడం. నీళ్ళు ఉంటాయి. బిడ్డ తల్లి చేతుల్లోనే ఉంటాడు."

మా భాషతో వచ్చిన చిక్కే ఇది. అసలు మాట చిట్టచివర పెట్టుకుంటాం. అది నోట్లోంచి రాకముందే ఎవడో ఒకడు వచ్చి పడతాడు.

అనుకున్న ఆదివారం రానే వచ్చింది. పదకొండిళ్ళ నీళ్ళు తొట్టిలో కలిశాయి. మా అన్నయ్య సీసా మూత ఎంతకీ రాక పళ్ళతో పీకాడు. కొవ్వొత్తి ఏడు రంగుల్లో, కాస్త వంకరగా, ముచ్చటగా ఉంది. అంగీకి ముత్యాలు లేవు, మెడ ఉంది. కోడలు పిల్లాణ్ణి ఎడమ చేతి మీద వంచింది. ఫాదర్ గారు మూడుసార్లు నీళ్ళు పోసి ఆఖరి మాట దాకా స్పష్టంగా, నావైపు ఓ చూపు చూసి మరీ పలికారు. పిల్లాడు ఏడవలేదు. వాళ్ళమ్మే ఏడ్చింది.

అందరూ ఫోటోలకి బయల్దేరాక కోడలు వచ్చి గుడి మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఒకటడగనా? ప్రాణం మీదికి వస్తేనే కదా అలా నీళ్ళు పోస్తారు."

నాకు అర్థమైంది. ఆ పందొమ్మిది రోజులూ మేమంతా ఒక్కటై ఆ పిల్లకి 'బాబు బంగారంలా ఉన్నాడు' అనే చెప్పాం. తర్వాత కూడా ఎవరమూ నోరు విప్పలేదు.

"దక్కడని చెప్పారమ్మాయ్. మూడో రోజు. నీకు చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. ఆయన దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, ఒట్టి చేతులతో పంపకూడదనుకున్నాను. వాణ్ణి దేవుడి చేతిలో పెట్టేద్దామనే వెళ్ళాను," అన్నాను.

కోడలు పిల్లాడి తడి జుట్టు నిమిరింది. తర్వాత వాణ్ణి తీసి నా ఒళ్ళో పెట్టింది.

"పెట్టేద్దామని వెళ్ళి, దేవుడి ముందు 'ఇవ్వలేదు' అన్నారు కదా అత్తయ్యా," అంది. "అందుకే ఆయన తీసుకెళ్ళలేదు."

మా అన్నయ్య మైకులో నన్ను ఫోటోకి రమ్మని పిలుస్తూనే ఉన్నాడు. నేను ఆ మెట్ల మీదే పిల్లాడి తల తడిసేలా ఏడుస్తూ, కాసేపాగి వస్తానని చెప్పమని కోడల్ని పంపాను.