ఎలుక తిన్న స్వరం

మా ఆయన పియానోలు శ్రుతి చేసే మేస్త్రీ. పియానో ఉన్నవాళ్ళు చాలామంది దాన్ని పూలకుండీ పెట్టుకునే బల్లలా వాడతారు కాబట్టి, ఆయనకు తిట్టుకోవడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు దొరికేవారు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది రైల్వే స్టేషన్ ఎదుటి హోటల్ మేనేజరు. ఆ హోటల్ నేలమాళిగలో బారు, బారులో ఒక ముసలి పియానో. దాని కడుపులో ఒక ఎలుక కాపురం పెట్టి, తీగను కొట్టే సుత్తి మీది ఉన్నిని కొరికి పిల్లలకు పక్క వేసింది. దాంతో నడిమి మెట్టొకటి మూగబోయింది. నొక్కితే టక్కుమని కర్ర చప్పుడు తప్ప స్వరం రాదు.

"బాగు చేయిస్తే మీ సొమ్మేం పోయింది?" అని మా ఆయన అడిగితే, "ఇన్ని మెట్లుండగా నీకు ఆ ఒక్కదాని మీదే ఎందుకయ్యా కన్ను?" అనేవాడట మేనేజరు.

ఆ పియానో ముందు కూర్చుని పాడేది వదిన. మా ఆయన ఆమెను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు వదిన అయింది గానీ, రక్తసంబంధం ఏమీ లేదు. పుట్టుగుడ్డి. అంధుల బడిలో పియానో నేర్చుకుంది. జాజ్ మాత్రం ఎవరూ నేర్పలేదు, పక్కింటి రేడియోలో విని పట్టుకుంది.

"ఆ పాటల్లో దారి తప్పినా ఎవరూ తిట్టరు మరదలా. తప్పిపోయి తిరిగొస్తేనే చప్పట్లు. నాలాంటిదానికి ఇంకేం కావాలి?" అనేది.

ఆ మూగ మెట్టు చుట్టూ తిరుగుతూనే ఆమె ఒక పాట కట్టింది. 'కిటికీ లేని గది' అని దాని పేరు. వేళ్ళు ఆ మెట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా దాన్ని నొక్కకుండా దాటేసి, పెదవులు మూసుకుని ఆ స్వరాన్ని గొంతుతో 'ఊఁ' అని పలికేది. తాగేవాళ్ళు సైతం గ్లాసు బల్ల మీద పెట్టి వినేవాళ్ళు.

వదినకు సొంత తమ్ముడు ఒకడున్నాడు. మెడలో ఎప్పుడూ సిల్కు రుమాలు కట్టుకుంటాడని వెనకాల అందరూ సిల్కు అనేవాళ్ళు. అతని వేళ్ళను తన వేళ్ళ మీద పెట్టుకుని పియానో నేర్పింది ఆమే. వాడికి మంచి ముఖముంది, మంచి గొంతూ ఉంది. పెద్ద పెద్ద క్లబ్బుల్లో పాడేవాడు. అక్క పనిచేసే బారులోకి దిగడం మాత్రం వాడికి నామోషీ. ఒకసారి ఇంటికొచ్చి, "పెద్దవాళ్ళకు వినిపిస్తానక్కా, నీ దశ తిరుగుతుంది" అని ఆ పాటను బారు నౌకరు చేత టేపు మీద పట్టించుకుని పోయాడు.

కొన్నాళ్ళకు రికార్డు వచ్చింది. వదిన దాన్ని గుండెలకు హత్తుకుని మా ఇంటికి తెచ్చింది. మా ఆయన పనికి వెళ్ళాడు.

"నా పేరెక్కడుందో చూడు మరదలా" అంది.

"నాకు అక్షరం ముక్క రాదు కదా వదినా."

"సరిపోయింది! కళ్ళుండి నువ్వు, లేక నేను. ఇద్దరం కలిసి చదివినట్టే!" అని పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అట్ట మీద అన్నిటికంటే పెద్దగా కనిపించిన అక్షరాల మీద ఆమె వేలు పెట్టి, "ఇదే అయ్యుంటుంది" అన్నాను. మధ్యాహ్నమంతా ఆమె ఆ అక్షరాలను నిమురుతూ కూర్చుంది.

సాయంత్రం మా ఆయన వచ్చి అట్ట చూశాడు. "అక్కా, ఇది నీ పేరు కాదు. వాడిది. రచన, సంగీతం, గానం, అన్నీ వాడే" అన్నాడు. రికార్డు పెడితే వాడి గొంతే. ఆ 'ఊఁ' కూడా, ఉన్నచోటే.

వదిన ఏడవలేదు. వేలిని బట్టలకేసి గట్టిగా తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. బారుకొచ్చినవాళ్ళు, "ఏంటమ్మా, తమ్ముడి పాట కాపీ కొడుతున్నావా?" అని ఎగతాళి చేయడం మొదలుపెట్టారు. ఇంకో పాట పాడుకోమన్నాడు మేనేజరు. ఆమె వినలేదు. ఉద్యోగం ఊడింది. అప్పటినుంచి ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికింది. వదిన నిలదీస్తే తమ్ముడు ఇల్లంతా మోగేలా నవ్వాడట. "అది నీ పాట అంటే ఎవరు నమ్ముతారే అక్కా? నిన్ను చూస్తే జాలిపడతారు, నన్ను చూస్తే వింటారు. తేడా లేదూ?"

ఆ మాట ఆమె కడుపులో ఏళ్ళ తరబడి నిప్పులా ఉండిపోయింది. పత్రికలో వాడు ఏం చెప్పాడో మా ఆయన చేత చదివించుకునేది. "ఆ 'ఊఁ' నా గుండెకు తగిలిన గాయం. అక్కడ మాట రాక ఆగిపోయాను" అన్నాడట ఒకసారి. వదిన తల పంకించి, "గాయమా! ఉండనీ, మానకుండా చూద్దాం" అంది.

వాడికి సన్మానం తలపెట్టారు. పెద్ద హాలు, పెద్ద మనుషులు. వేదిక మీద పక్కన కూర్చోమని అక్కను కూడా పిలిచాడు. గుడ్డి అక్క పక్కనుంటే వాడి మంచితనం నలుగురికీ కనిపిస్తుంది కదా. వదిన వెంటనే ఒప్పుకుంది. హాలు పియానోను శ్రుతి చేసే పని మా ఆయనకే వచ్చింది.

ముందురోజు ఆమె మా ఇంటికొచ్చింది. "మేస్త్రీ, శ్రుతి చేసేటప్పుడు పక్క తీగలు మోగకుండా ఉన్ని ముక్క దూరుస్తావు కదా?"

"దూరుస్తాను."

"ఒకచోట తియ్యడం మరిచిపో. పాత మెట్టు దగ్గర కాదు. దానికి రెండు మెట్ల అవతల."

మా ఆయన పనిముట్ల సంచీ కింద పెట్టాడు. "ఇది పాపం కాదూ అక్కా?"

"పాపమే. నా ఖాతాలో రాయించు. మరదలా, నువ్వేమంటావ్?"

"రెండు ముక్కలు మరిచిపోతే ఇంకా మంచిది" అన్నాను నేను. నా కడుపు మంట నాది.

"వద్దులే. ఒక్క ఎలుక చాలు" అంది వదిన.

మర్నాడు సాయంత్రం హాలు కిటకిటలాడింది. సిల్కు మైకు ముందుకొచ్చి గుండె, గాయం అన్నీ చెప్పి, రుమాలు సర్దుకుని పియానో ముందు కూర్చున్నాడు. పాట మొదట్లోనే టక్కుమంది. వాడు ఆగాడు. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ టక్. నుదుటి మీద చెమట నాకు మూడో వరుస నుంచి కనిపించింది. తిన్నగా పాత చోటికి పోయి 'ఊఁ' అన్నాడు, ఆ మెట్టేమో దివ్యంగా ఉంది. పలకనిదాన్ని మాత్రం టకటకా కొడుతూనే ఉన్నాడు.

చివరికి లేచి నిలబడి నవ్వబోయాడు. "పియానోకు జలుబు చేసినట్టుంది. ఈ డొక్కు పెట్టె మీద ఎవరు వాయించగలరండీ?"

"నేను వాయిస్తాను. లేవరా చిన్నోడా" అంది వదిన.

అందరూ చూస్తుండగా కాదనలేకపోయాడు. ఆమె కూర్చుని, మెట్లన్నిటినీ ఒక్కసారి తడిమింది. టక్కుమన్న చోట ఒక్క క్షణం ఆగింది. తర్వాత అదే పాట ఎత్తుకుంది. మూగమెట్టు వచ్చినచోట వేలు దాటింది, గొంతు 'ఊఁ' అంది. వాడు ఇన్నేళ్ళుగా మూలిగిన చోట మాత్రం మెట్టు గంటలా మోగింది.

పాట అయ్యాక మైకు అడిగి తీసుకుంది.

"మా హోటల్ పియానోలో ఎలుక పడి ఒక మెట్టు పాడైంది. అందుకని అక్కడ నోటితో పలికేదాన్ని. ఇవాళ ఇంకోటి పాడైంది, ఇక్కడ పలికాను. అంతే. మా తమ్ముడి గుండెకు గాయమేమీ లేదు, నిక్షేపంగా ఉన్నాడు. ఆ ఎలుకకు మాత్రం దండం పెట్టమనండి."

మొదట వెనక వరుసలో ఒకడు నవ్వాడు. తర్వాత వాద్యగాళ్ళు. ఆ తర్వాత హాలంతా. సిల్కు ముఖం చూడాలి! మెడలో రుమాలు విప్పి చెమట తుడుచుకున్నాడు. "నీదేనా అమ్మా ఆ పాట?" అని ఎవరో అరిచారు. "ఇంకెవరిదనుకున్నారు?" అంది. చప్పట్లు మొదలయ్యాయి.

వాడు తప్పించుకుని తెర వెనక్కి పోబోయాడు. వదిన చెయ్యి చాచింది.

"ఒరేయ్, నన్ను దింపవా? కళ్ళు లేనిదాన్ని."

వేల కళ్ళ ముందు వాడు వెనక్కి రాక తప్పలేదు. అక్క చెయ్యి వాడి మోచేతిని పట్టుకుంది. ఆ వేదిక మీద ఆమె ఎంత నెమ్మదిగా నడిచిందో నాకు ఇప్పటికీ గుర్తు. ఎవరి తోడూ లేకుండా సంతకెళ్ళి బేరమాడి వచ్చే మనిషి, ఆ రోజు అడుగడుగునా తడుముకుంది. చప్పట్లు ఎక్కువైనప్పుడల్లా ఆగి, తల వంచి, మళ్ళీ కదిలింది. వాడు లాగబోతే చెయ్యి బిగించింది.

వేదిక దిగి నా పక్కగా వెళుతున్నప్పుడు ఆమె మాట వినిపించింది.

"మెల్లగా నడవరా. తొందరేముంది? ఈ చప్పట్లు నావి, అయిపోనీ."