తీతువు మెడ

దయ్యాల నవలలు రాసేవాళ్ళ మీద సరోజాదేవికి ఉన్న కోపం అంతా ఇంతా కాదు. అలాగని చదవడం మానిందా అంటే అదీ లేదు. బెంగాలీల ఊళ్ళో రైల్వే ఆఫీసులో పొద్దు వాలేదాకా ఫైళ్ళు రాసి, ఇంటికెళ్ళి ఇంత వండుకు తిని, మళ్ళీ నవల పట్టుకునేది. నలభై దాటిన ఒంటరి మనిషి, అడిగేవాళ్ళెవరు? పూరీ గేట్ దగ్గర సూసన్న నడిపే అద్దె పుస్తకాల కొట్లో అట్ట మీద పుర్రె ఉన్న పుస్తకమేదైనా ముందు చేరేది ఆవిడ సంచిలోకే.

శనివారం సాయంత్రం ఆవిడ పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చిందంటే కొట్టు ముందు జనం చేరేవారు. సరోజాదేవి తిట్టిన నవల ఆ పూటే అద్దెకు పోతుందని సూసన్నకు బాగా తెలుసు. అందుకే స్టూలు వేసి కూర్చోబెట్టి, "ఇదెలగుందమ్మగారూ?" అని కదిపి వదిలేసేవాడు.

"డిటెక్టివ్ నవలా దాని మొహమూనా" అని ఎత్తుకునేది. "విలన్ పిస్తోలు గురిపెట్టి నాలుగు పేజీలు తన కథంతా చెప్పుకుంటాడు. వాడికి చంపే పనుందా, హరికథ చెప్పే పనుందా? హీరోని నలుగురు పట్టుకుని చితకబాదుతారు. వీడు పెదవి మీద నెత్తురు బొటనవేలితో తుడుచుకుని నవ్వుతాడు. దెబ్బలు తిన్న మనిషిని ఈ రాసినాయన ఎప్పుడైనా చూశాడా అంట?"

మాయలూ మంత్రాల నవలలంటే ఇంకా చులకన. "రాకుమారుడు కొండలూ అడవులూ దాటి పోతూనే ఉంటాడు, ఎక్కడా ఇంత అన్నం తినడు. గుర్రానికి గుప్పెడు గడ్డి ఉండదు. మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో కోటలో వంటమనిషికి కూడా తెలుసు, ఈ మొద్దుగాడికి తప్ప." జనం పగలబడి నవ్వేవారు. ఆవిడకీ ఆ నవ్వంటే ఇష్టమే, లేకపోతే అంత గొంతెత్తి ఎందుకు చెబుతుంది?

ఎనభై ఏడులో, ఎండలు మండిపోతున్న ఒక శనివారం ఆవిడ చేతిలో ఉన్నది పాడుబడ్డ బంగళా నవల. దాన్ని సూసన్న ముందు గిరాటేసింది.

"ఎవడు చావాలన్నా ముందు తీతువు అరవాల్సిందే. పేజీకో తీతువు. తీతువు లేకపోతే ఈ రచయితలకి చావే రాదేమో. విసుగెత్తిపోయాను సూసన్నా. ఆ తీతువుని పట్టుకుని మెడ విరిచి పారేస్తే గానీ మనకి శాంతి లేదు. ఆ పనేదో నువ్వే చేయించు, పుణ్యముంటుంది."

"అలగే సేయించీద్దారి అమ్మగారూ" అన్నాడు సూసన్న నవ్వుతూ.

పక్క షాపులో సైకిల్‌కి గాలి కొట్టించుకుంటున్న దేముడు ఆ మాటలు విన్నాడు. దేముడు తీతు మనిషి. తీతు అంటే ఆ ఊళ్ళో పాత ఇనుము ఎత్తే ముఠాకి నాయకుడు. తాతల నాడు రైలు పనికి వలస వచ్చిన తెలుగువాళ్ళ పిల్లాడే. పొరుగింటి బెంగాలీ ఆవిడ ముద్దుగా తీతూ అని పిలిస్తే ఆ పేరే నిలిచిపోయింది. అక్కడే పుట్టి పెరిగిన చాలామందిలాగే తీతుకీ దేముడికీ తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. పిట్టల పేర్లు బెంగాలీలో తప్ప తెలియవు. పైగా నెల కిందటే తీతు బావమరిదిని అవతలి ముఠావాళ్ళు పట్టపగలు పొడిచి చంపారు. అప్పట్నుంచి ఎవరు తుమ్మినా తీతుకి అనుమానమే. గాలిపంపు బుసల మధ్య దేముడి చెవిన పడింది ఇది: తీతుని పట్టుకుని మెడ విరిచి పారేయాలి, అలాగే చేయిద్దాం. మొదటి మాట జనంలో ఎవరన్నారో తెలియలేదు. సరేనన్న గొంతు మాత్రం సూసన్నదని పోల్చుకున్నాడు.

మాటల్లో పడి కొత్త పుస్తకం తీసుకోవడం మరిచిపోయిన సరోజాదేవి ఆదివారం పొద్దున మళ్ళీ వచ్చింది. కొట్టు తలుపు విరిగి రోడ్డు మీద పడి ఉంది. పుస్తకాలు సగం కాలవలో తేలుతున్నాయి. గడప మీద నెత్తురు, అందులో వేరుతో సహా ఊడిన ఒక పన్ను. అంత పొడుగు పన్ను మనిషి నోట్లో ఉంటుందని ఆవిడకి అంతవరకూ తెలియదు. ఎన్ని నవలల్లో పళ్ళు రాలలేదు, ఏ నవలా ఈ మాట చెప్పలేదు.

"తీతు మనుసులు తీసుకుపోనారమ్మా" అన్నాడు సైకిల్ షాపతను, ఆవిడ మొహం చూడకుండా. "తీతుని సంపడానికి నిన్న ఇక్కడ మాటాడుకున్నారంట. ఎవుడన్నాడో సెప్పరా అనీసి రాడ్డుతో కొట్టినారు. సూసన్న సెప్పనేదు. ఎవుడో తీతుని మెడ ఇరిసీమన్నాడంట."

సరోజాదేవికి నిన్నటి తన మాట గుర్తొచ్చింది. అన్నది ఎవడో కాదు, తను. సూసన్నకి తెలుసు. పన్ను ఊడగొట్టినా తన పేరు చెప్పలేదు. అన్నది పిట్టనని చెబితే నమ్మరని ఊరుకున్నాడో, చెప్పినా వాళ్ళు వినలేదో.

"పోలీసులకి చెబుదామా?"

"సెప్పండి. ఆలొచ్చీదాకా సూసన్న ఉండాల గదా."

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కాలవలోకి దిగింది. మురుగులో చెయ్యి పెట్టి వెతికితే బంగళా నవల దొరికింది, అట్ట ఊడిపోయి, తడిసి బరువెక్కి. దాన్ని కొంగులో చుట్టుకుని రిక్షా ఎక్కి సాలువా రోడ్డుకి పోనిమ్మంది. తీతు గొడౌను ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. రిక్షావాడు గొడౌను కనబడగానే ఆపేసి ఇంక రానన్నాడు. మిగతా దూరం ఎండలో నడిచింది. భయం వేసిందా అంటే, వేసింది. నవల చదువుతుంటే వేసే భయం కాదు.

గొడౌను లోపల వెలుతురు బాగానే ఉంది. పక్క ఇంట్లో రేడియో పాడుతోంది. సూసన్న నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మాత్రం పైన ఉంది. ఇనప ముక్క కదలకుండా బిగించే వైసు ఉంటుంది కదా, దాని రెండు దవడల మధ్య అతని వేళ్ళున్నాయి. పిడి పట్టుకుని నిలబడ్డది దేముడు. నవలలో అయితే సూసన్న ఈపాటికి ఒక పెద్ద డైలాగు చెప్పాలి. ఇక్కడ నోట్లోంచి చొంగా నెత్తురూ కలిసి కారుతున్నాయి, లుంగీ తడిసి ఉంది.

తీతు బల్ల మీద కూర్చుని మరమరాల మూడీలో పచ్చిమిర్చి నంజుకుంటున్నాడు. చిన్న మనిషి. పక్కనే వాళ్ళమ్మ నూకాలమ్మ అన్నం కేరియర్ విప్పుతోంది.

"ఎవులు?" అన్నాడు తీతు.

"ఆ మాట అన్నది నేను" అంది సరోజాదేవి. "అతన్ని వదిలేయండి. నేనన్నది మిమ్మల్ని కాదు, పిట్టని."

చుట్టూ ఉన్న ముఠావాళ్ళు నలుగురైదుగురు నవ్వారు. తీతు నవ్వలేదు. లేచి వచ్చి ఆవిడ చెంప మీద ఒక్కటి కొట్టాడు. కళ్ళజోడు ఎగిరి ఇనప ముక్కల్లో పడింది. చెవిలో రింగుమని మోత, ఆ మోతలోంచే అతని గొంతు వినిపించింది.

"పిట్టా? నా పేరు పిట్టకెవులెట్టినారు?"

"తీతువు అంటే పిట్ట. బెంగాలీలో హట్టిటి అంటారే, మైదానంలో గుడ్లు పెడుతుంది, అదే."

"హట్టిటి హట్టిటే, తీతు తీతే. దేముడూ, తిప్పరా."

దేముడు పిడి తిప్పాడు. పచ్చి చిక్కుడుకాయ విరిచినట్టు చిన్న చప్పుడు. అప్పుడు అరిచాడు సూసన్న. మనిషి గొంతులో అంత ఎత్తు ఉంటుందని ఆవిడ అనుకోలేదు. రేడియోలో పాట మాత్రం ఆగలేదు.

సరోజాదేవి నేల మీద తడుముకుని కళ్ళజోడు తీసింది. ఒక అద్దం పగిలిపోయింది. ఉన్న అద్దంలోంచి చూస్తూ, అంటుకుపోయిన కాగితాలు ఊడదీసి చదివింది. "అర్ధరాత్రి దాటింది. శ్మశానం వైపు నుంచి తీతువు అరిచింది. ఆ బంగళాలో ఎవరికో ఆయుష్షు తీరిందని ముసలి నౌకరు గుండె బాదుకున్నాడు."

"మల్లీ సదువు."

మళ్ళీ చదివింది. పేజీలు తిప్పి ఇంకోచోట, మరోచోట కూడా చదివింది. తీతు నమ్మలేదు. పుస్తకం లాక్కుని తిరగేశాడు. అక్షరాలు అతనికి చీమల బారు. "నీకు తోసింది సదివేత్తన్నావేమో, నాకేటెరుక?" అన్నాడు.

అప్పుడు నూకాలమ్మ కేరియర్ గిన్నెలోంచి తలెత్తింది. ఆవిడ పెళ్ళయి వచ్చేదాకా చీపురుపల్లి పక్క పల్లెలో పెరిగిన మనిషి.

"పిట్టేరా" అంది. "తీతువ పిట్ట. మా ఊల్లో అది ఎవులింటి మీద అరిత్తే ఆలింట్లో పీనుగ లెగిసీది. నీకు తెలవదు గానీ ఉంది. కూడు సల్లారిపోతంది, రా."

తీతు పుస్తకం సరోజాదేవి చేతిలో పెట్టాడు.

"బుక్కు బాగుంటాదా?" అన్నాడు.

బాగుంటుందంటే పోయేది. ఆ చెత్త పుస్తకాన్ని పొగడ్డానికి ఆవిడకి ఆ పరిస్థితిలో కూడా నోరు రాలేదు. "బాగోదు" అంది.

"మరెందుకు సదువుతావు?"

"భయపడ్డానికి. ఇంట్లో కూర్చుని భయపడితే బాగుంటుంది."

"ఇప్పుడు బాగుందా?"

"లేదు."

తీతు తల ఊపాడు. వైసు వదులు చెయ్యమని సైగ చేశాడు. దేముడు గబగబా పిడి వెనక్కి తిప్పాడు. సూసన్న చెయ్యి ఊడివచ్చి ఒళ్ళో పడింది. రెండు వేళ్ళు వేళ్ళలా లేవు. సరోజాదేవి కొంగు చింపి ఆ చేతికి చుట్టింది. ఇంక వెళ్ళిపోవచ్చనుకుంది పాపం.

"దేముడూ" అన్నాడు తీతు నెమ్మదిగా. "ఏ సెవితో ఇన్నావురా?"

దేముడి చెయ్యి దానంతటదే ఎడమ చెవి మీదికి పోయింది. పోయాక గానీ తెలియలేదు అతనికి. "దాదా, పంపు సప్పుడులో సరిగ్గా ఇనబడనేదు. దాదా, మాఫ్ కరో" అంటూ వెనక్కి జరిగాడు. ఇద్దరు పట్టుకుని తల బల్లకి ఆనించారు.

సరోజాదేవి అడ్డం వెళ్ళింది. "అతన్నేం చేయకండి. తప్పు నాది. అన్నది నేను."

తీతు జేబులోంచి కత్తి తీసి మడత విప్పాడు. "నీది నోరు, ఆడిది సెవి. ఏది కొయ్యమంటావో సెప్పు. నువ్వేది సెపితే అదే."

రేడియోలో పాట అయిపోయి ఎవరో వార్తలు చదువుతున్నారు. దేముడు బల్ల మీంచి ఒక కంటితో ఆవిడనే చూస్తున్నాడు. ఎన్నో నవలల నాయికల్ని పిరికి గొడ్లని తిట్టిన సరోజాదేవి, మాటకి ముందు మాట అందించే సరోజాదేవి, నోరు తెరవలేదు. ఒక్క మాట రాలేదు. ఊరుకుంది. అంతే.

"కేరియరు అవతల పెట్టుకోనీండర్రా" అని నూకాలమ్మ గిన్నెలు పక్కకి లాక్కుంది. కత్తి అంత పదునుగా లేదు, రెండుసార్లు లాగాల్సి వచ్చింది.

సూసన్న రెండు వేళ్ళూ ఆసుపత్రిలో తీసేశారు. వానలు వెలిశాక మళ్ళీ కొట్టు తెరిచాడు. కాలవలో తడిసిన పుస్తకాలు ఎండబెట్టి కుట్టుకున్నాడు. సరోజాదేవి శనివారం వస్తూనే ఉంది. వచ్చి, సూసన్నకి అట్టలు వేసిపెట్టేది. ఇదెలా ఉందని ఎవరైనా అడిగితే, "చదువుకోండి" అనేది. జనం కొన్నాళ్ళు చూసి, ఆవిడ చుట్టూ చేరడం మానేశారు.

దసరా ముందు ఒక సాయంత్రం కొట్టు ముందు సైకిల్ ఆగింది. తలకి అడ్డంగా తువ్వాలు కట్టుకున్న మనిషి దిగాడు. సూసన్న వేళ్ళు లేని చెయ్యి కౌంటరు కిందకి లాక్కున్నాడు. దేముడు ఆ చేతిని చూశాడు, తల దించుకున్నాడు. ముఠాలోంచి తీతు గెంటేశాడని, ఇప్పుడు స్టేషన్ దగ్గర మూటలు మోస్తున్నాడని ఊళ్ళో అనుకుంటున్నారు.

"దేనికొచ్చినావు?" అన్నాడు సూసన్న.

"ఆ పిట్ట బుక్కు ఉందా?" అన్నాడు దేముడు. "నాకు సదవడం రాదు. అమ్మగారు సదివితే ఇందారనీసి. సెవి దేనికోసరం పోయిందో తెలవాల గదా నాకు."

సరోజాదేవి సూసన్న వైపు చూసింది. వద్దంటే బాగుండునని నిజంగానే కోరుకుంది. సూసన్న లేచి, వెనక వరసలోంచి, అట్ట లేని, మురుగు మరకల పుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టాడు. స్టూలు కాలితో దేముడి వైపు తోశాడు.

"సదవండమ్మగారూ" అన్నాడు. "మొదట్నుంచీ సదవండి."

ఆవిడ పుస్తకం తెరిచింది. మొదటి వాక్యంలోనే తీతువు ఉంది. మొదలుపెట్టబోతుంటే దేముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇటేపొచ్చి కూకోండమ్మా" అన్నాడు. "సీము పట్టీసింది. ఆ పక్క ఇనబడదు."

సరోజాదేవి లేచి, అతని కుడిపక్కకి వచ్చి కూర్చుంది.