చివర కడిగిన వీధి

నీళ్ళబండి వెనక మెట్టు దిగి, పైపు చుట్టను భుజం మీదికి ఎక్కించుకుంటూ, పైపాయన డ్రైవరు పక్కనున్న అద్దం మీద వేలితో కొట్టాడు.

"ఇవాళ అటునుంచి పోనీ."

"ఎటునుంచి?"

"ఆఫీసుల వీధి ముందు. బట్టల కొట్ల వీధి ఆఖరున."

డ్రైవరు ఇంకా సగం నిద్రలోనే ఉన్నాడు. ఈ బండి పుట్టినప్పటి నుంచీ తెల్లవారుజామున అయిదింటికి బట్టల కొట్ల వీధిలోనే మొదలవుతుంది. చీటీలో అలాగే రాసి ఉంటుంది. మేస్త్రీ స్వయంగా రాసిన చీటీ అది.

"బండిలో మేస్త్రీ పెట్టించిన డబ్బా సంగతి మర్చిపోయావా? మనం ఏ సందులో తుమ్మినా ఆయన ఫోనులో కనబడుతుంది."

"కనబడనీ."

ఇరవయ్యారేళ్ళ కొలువులో పైపాయన ఇలా మొండికేయడం డ్రైవరు చూడలేదు. కాసేపు తల గోక్కుని, స్టీరింగు రెండో వైపుకి తిప్పాడు.

పైపాయన పొట్టి మనిషి. బరువు మోసీ మోసీ కుడిభుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి దిగింది. చొక్కాలన్నీ ఒకవైపే చిరుగుతాయి. అరచేతులు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉంటాయి. "నావి వంటింట్లో నానాయి, నీవి వీధిలో నానాయి, సరిపోయాం ఇద్దరం" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఎడమ బూటు మడమకి సైకిలు ట్యూబు అతుకు ఉంది. పైపు చివర ఇత్తడి మూతి, ఆయన చేతి రాపిడికి నున్నబడింది.

ఆయనకి సొంత పద్ధతి ఒకటుంది. నీళ్ళు వదిలేముందు ఆ ఇత్తడి మూతితో వీధి అంచు గట్టురాయి మీద మూడుసార్లు కొడతాడు. కొట్టి, ఆగుతాడు. కొట్ల అరుగుల మీద పడుకున్నవాళ్ళు లేచి, దుప్పట్లు చుట్టుకుని పక్కకి జరుగుతారు. అప్పుడు నీళ్ళు. ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు. కొలువులో చేరిన ఆరో ఏట, గడగడలాడించే చలిలో, అట్టపెట్టెల గుట్ట అనుకుని ఒకచోట నీళ్ళు కొట్టాడు. గుట్ట లేచి కూర్చుంది. ముసలాయన. తడిసిన దుప్పటి పిండుకుని, భుజాన వేసుకుని, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. తిట్టినా బాగుండేదని పైపాయన ఇప్పటికీ అనుకుంటాడు. ఆ మూడు దెబ్బలూ అప్పటినుంచే మొదలయ్యాయి.

ఫోను కథ మూడు నెలల కిందటిది. కూతురు తన పాత ఫోను ఇచ్చి, అందులో ఆసరా కేంద్రం వాళ్ళ యాప్ పెట్టింది. ఎవరైనా ఆరుబయట పడుకుని కనబడితే మ్యాపు మీద ఆ చోట వేలు పెట్టి ఉంచాలి. ఎర్ర గుర్తు పడుతుంది. పొద్దున ఎనిమిదింటికి వ్యాను బయల్దేరి వచ్చి ఆ మనిషితో మాట్లాడుతుంది. డాక్టరు కావాలంటే డాక్టరు, గది ఖాళీ ఉంటే గది.

"గుచ్చకు నాన్నా, మెల్లగా పెట్టి ఉంచు. అది పైపు కాదు" అని కూతురు నవ్వింది.

ఈ ఊళ్ళో ఎవరెక్కడ పడుకుంటారో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఉత్సాహంగా తొమ్మిది గుర్తులు పెట్టాడు. తొమ్మిదీ ఒకదాని తర్వాత ఒకటి బూడిదరంగులోకి మారాయి. కింద ఒకే మాట: మనిషి కనబడలేదు. ఫోనుకి తడి పట్టిందనుకుని రెండు రోజులు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టాడు.

పదో గుర్తు మిషనమ్మది. ముప్పయ్యేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టింది కాబట్టి ఆ పేరు. ఫ్యాక్టరీ మూతపడి, ఆ తర్వాత అద్దె ఇల్లూ పోయి, గుండీల కొట్టు అరుగు మీదికి చేరింది. చొక్కా కాలరులో ఇప్పటికీ దారం ఎక్కించిన సూది ఉంటుంది. పది రోజులుగా విడవని దగ్గు. ఆమె మాత్రం ఆయన ఫోను చూసి వేళాకోళం చేసేది. తడవకుండా ఆయన దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసుకుంటాడు మరి.

"ఫోనుకి అన్నం మూట కట్టినట్టు కట్టావేంటయ్యా? ఎక్కడైనా విరిగిన గొడుగు దొరికితే పట్రా."

మురుక్కాలవ పక్కన దొరికిన నల్ల గొడుగొకటి తెచ్చి ఇచ్చాడు. ఎందుకని అడగలేదు. వ్యాను కోసం కాస్త ఆగమని మాత్రం చెప్పాడు.

"వస్తామన్నవాళ్ళంతా వచ్చుంటే నాకీ అరుగెందుకు? అయినా తడినేల మీద ఎక్కడ కూచోమంటావు?" అని మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నిన్న ఆసరా కేంద్రం నుంచి ఫోను వచ్చింది. ఆడగొంతు, మర్యాదగానే మాట్లాడింది.

"ఆవిడ కోసం రెండుసార్లు వచ్చామండీ. రేపు మూడోసారి. రేపూ కనబడకపోతే గుర్తు దానంతటదే మూసుకుపోతుంది. గది ఆ తర్వాతవాళ్ళకి వెళ్ళిపోతుంది."

"అక్కడే పడుకుంటుందమ్మా, రోజూ చూస్తున్నాగా!"

"మావాళ్ళు వచ్చేసరికి నేలంతా తడిగా ఉంది, మనిషి లేదని రాశారండీ."

తడిగా ఉంది. పైపాయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాడు. తొమ్మిది గుర్తులనీ బూడిద చేసింది ఫోను కాదు. వ్యాను రావడానికి మూడు గంటల ముందు మూడు దెబ్బలు కొట్టి, మర్యాదగా లేపి, అందరినీ తరిమేస్తున్నది తనే. రాత్రి అన్నం సగంలోనే వదిలేశాడు. భార్య అడిగితే "నేనేనే, అంతా నేనే" అన్నాడు.

అందుకే ఇవాళ ఆఫీసుల వీధి ముందు. అక్కడ వాచ్‌మన్లు ఎవరినీ పడుకోనివ్వరు, కాబట్టి కడిగినా ఎవరికీ నష్టం లేదు. తర్వాత గోదాముల వీధి, తర్వాత ఆసుపత్రి వెనక సందు. ఆరున్నరకి మేస్త్రీ ఫోను చేశాడు.

"బండి వెనక్కి నడుస్తోందేంట్రా?"

"ముందుకే నడుస్తోందండీ. వీధులే వెనకనుంచి వస్తున్నాయి" అన్నాడు డ్రైవరు.

"నేనొస్తున్నా ఉండండి."

ఏడూ ముప్పావుకి బండి బట్టల కొట్ల వీధికి చేరేసరికి మేస్త్రీ స్కూటరు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. నేల పొడిగా ఉంది. అరుగుల మీద నలుగురు ఇంకా పడుకునే ఉన్నారు. గుండీల కొట్టు షట్టరు కింద మిషనమ్మ అట్టముక్క మీద మోకాళ్ళు ముడుచుకుని గాఢనిద్రలో ఉంది. పగటి వెలుగులో ఆమె ముఖం చూడటం పైపాయనకి ఇదే మొదటిసారి.

"కొట్లు తెరిచే వేళయింది. విప్పు పైపు."

పైపాయన పైపు చుట్టను నేలమీద పెట్టి, దానిమీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాడు. మేస్త్రీకి ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

"విప్పను. అరగంట ఆగండి, ఫోనులో గుర్తు పెట్టాను, ఆవిణ్ణి గదికి తీసుకెళ్ళే వ్యాను వస్తుంది. ఆ తర్వాత నన్ను పనిలోంచి తీసేసినా సరే."

"మతి గాని పోయిందా?"

"ఇరవై ఏళ్ళ కింద ఇదే వీధిలో ఒక ముసలాయన్ని చలిలో తడిపాను. ఆయన ఎటుపోయాడో ఇప్పటికీ తెలీదు. ఈవిణ్ణి తడపను."

మేస్త్రీ వాచీ చూసుకున్నాడు. మిషనమ్మ నిద్రలోనే దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. మేస్త్రీ వెనక్కి వెళ్ళి స్కూటరు సీటు మీద కూర్చున్నాడు.

ఎనిమిదీ పదికి తెల్లవ్యాను మలుపు తిరిగింది. డ్రైవరు హారన్ కొట్టబోయి, పడుకున్నవాళ్ళు గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు. వ్యానులోంచి దిగినావిడ మిషనమ్మ పక్కనే నేలమీద కూర్చుంది. పొడినేల కదా, కూర్చోగలిగింది. మిషనమ్మ కళ్ళు నులుముకుని ఆమెనీ, వ్యానునీ, దూరంగా పైపు మీద నిలబడ్డ మనిషినీ చూసింది.

"నిజంగానే వచ్చారా?"

"వచ్చామమ్మా. గది ఉంది, డాక్టరు కూడా చూస్తారు."

"గడియ లోపల్నించి పడుతుందా?"

"పడుతుంది. తాళంచెవి కూడా మీకే."

మిషనమ్మ లేచింది. దుప్పటి మడిచింది, అట్టముక్కని గోడకి ఆనించింది, జుట్టు సవరించుకుంది. మూట పట్టుకుని నిటారుగా నడిచి వ్యాను ఎక్కింది. ఒక్కరి కోసం వచ్చిన వ్యాను మిగిలిన ముగ్గురితోనూ మాట్లాడి, ఇద్దరిని ఎక్కించుకుంది. మూడోవాడు రేపు చెబుతానన్నాడు.

వ్యాను మలుపు దాటాక పైపాయన కవరు విప్పి ఫోను చూశాడు. ఎర్ర గుర్తు పచ్చగా మారింది. కింద రాసి ఉన్నదాన్ని కూడబలుక్కుని పైకి చదివాడు: "మనిషి దొరికింది." డ్రైవరు ఆయన్ని నడుం పట్టుకుని పైకెత్తేశాడు, బూట్లతో సహా. పైపాయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియలేదు. గాల్లో ఉండగానే తొమ్మిది బూడిద గుర్తులనీ మళ్ళీ పెట్టాలని తొందరపడ్డాడు.

"దించరా, పనుంది!"

మేస్త్రీ స్కూటరు స్టార్టు చేసి, ఎటో చూస్తూ అన్నాడు.

"గుర్తులున్న వీధులేవో సాయంత్రం వచ్చి చెప్పు. చీటీలో అవి ఆఖర్న వేస్తాను. మళ్ళీ చెప్పకుండా బండి తిప్పావంటే మాత్రం ఊరుకోను."

అప్పుడు పైపాయన పైపు విప్పాడు. గుండీల కొట్టు దగ్గరికొచ్చి, అక్కడ ఎవరూ లేకపోయినా, అలవాటు కొద్దీ గట్టురాయి మీద మూడుసార్లు కొట్టి ఆగాడు. ఎండ షట్టరు మీద పడుతోంది.

షట్టరు పిడికి, నీళ్ళు తగలనంత ఎత్తులో, గొడుగు బట్టతో దగ్గరదగ్గరగా కుట్లు వేసి కుట్టిన ఒక నల్లటి చిన్న సంచి వేలాడుతోంది, సరిగ్గా ఫోను పట్టేంత, మూతికి ఒక ఎర్ర గుండీతో.